చిన్న పల్లెయు దాని జనసంఖ్యయు



మన రెవిన్యూ దస్తరములలో ‘బేచిరాకు’ అను మాట యొకటి కలదు. అది పారసీ భాషనుండి వచ్చినది. చిరాగు అనగా దీపము. ‘బే’ అనగా లేనిది. దీపము లేని యూరు, అనగా జనులు లేని గ్రామమని యర్థము. అట్టి యూరికి పేరుండును, ఎల్లలుండును, సర్వే నంబరులుండును. పొయ్యి రాజు గడప మాత్రము ఒక్కటియు నుండదు. అనంతపురపు మెట్టసీమలో ఇట్టి గ్రామములు కొన్ని కలవు. ఇవి కాక, నలుబది యేబది ఇండ్లతో నిలిచియున్న చిన్న పల్లెలు పెక్కు కలవు. ఆ పల్లెల జనసంఖ్యను గూర్చి నేడు మనవి చేసెదను.

ఈ సీమలో ఊళ్లు పలుచగా నుండుటకు మొదటి కారణము వాన. నైరృతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించును. తూర్పు సముద్రము దూరమగుటచే ఈశాన్యపు వానలును ఇచటికి బలహీనపడి వచ్చును. సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే కురియును. 2011 లెక్క ప్రకారము నాటి అనంతపురము జిల్లాలో చదరపు కిలోమీటరునకు 213 మంది కాపురముండిరి. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున సగటు 308.

కరవు ఊళ్లను ఎట్లు తుడిచివేయునో పాత లెక్కలే చెప్పును. 1876 మొదలు 1878 వరకు ధాత కరువు దేశమును పీడించినది. 1871లోను 1881లోను తీసిన లెక్కలను పోల్చిచూడగా, ఈ సీమలో జనము దాదాపు అయిదవ వంతు తగ్గినట్లు తెలియుచున్నది. 1882లో బళ్లారినుండి విడదీసి అనంతపురము జిల్లాను ఏర్పరచునాటికి ఇచట సుమారు 6 లక్షల మంది యుండిరి. 1901 నాటికి ఆ సంఖ్య 7 లక్షల 88 వేలైనది. జిల్లా కోలుకొన్నను ప్రతి పల్లెయు కోలుకొనలేదు. చెరువు తెగిన యూరివారు, బావి యెండిన యూరివారు పొరుగూరికి చేరి, అచటినుండియే తమ పొలములు సేద్యము చేసికొనిరి.

ఇతర దేశములందును ఇట్టి స్థితి కలదు. కెనడాలోని సస్కాచ్వాన్ గోధుమ మైదానములలో రైలు శాఖలును, ధాన్యపు గిడ్డంగులును మూతపడగా చిన్న గ్రామములు క్షీణించినవి. జనము మిక్కిలి తగ్గినచో అచట గ్రామ ప్రతిపత్తి రద్దయి, ఆ యూరు చుట్టుపట్ల మండలములో కలసిపోవును. మనకడ జనము పోయినను గ్రామము పేరు దస్తరములో నిలిచియుండును. కావున మన దేశమున ఊరి పేరు వేఱు, ఊరి జనము వేఱు అని గ్రహింపవలెను. ఒక్క రెవిన్యూ గ్రామము క్రింద నాలుగైదు మజరాలుండవచ్చును. జనాభా పట్టికలో గ్రామమునకే అంకె యుండును. మజరా పేరు తరచుగా మరుగునపడును.

ఇక లెక్క తీయు విధము. 1931 వరకు దేశమంతట ఒక్క రాత్రియే మనుష్యులను లెక్కించెడివారు. తరువాత కొన్ని దినముల గడువు ఏర్పడినది. 2011లో ఫిబ్రవరి 9 మొదలు 28 వరకు లెక్క తీసిరి. ఆ దినములలో కొంత కాలమైనను ఇంటనున్నవాడును, గడువులోగా తిరిగి రాగలవాడును ఆ యింటి లెక్కలో చేరును. గడువంతయు బయటనే యున్నవాడు ఉన్నచోటనే లెక్కకు వచ్చును.

మనకు చిక్కు ఇచటనే కలదు. ఎఱ్ఱనేలలో వేరుసెనగ కాయ ఒలిచి అమ్ముకొన్న పిమ్మట మెట్టరైతునకు పని యుండదు. ఫిబ్రవరి నాటికి పలువురు బెంగుళూరునకు కూలికి పోయియుందురు. ఇంట ముసలివారును, పసివారును మిగులుదురు.

ఈ అంకెతో మనకేమి పని యందురేమో! 2000లో ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామసడక్ యోజనలో మైదాన సీమలయందు 500 మంది గల ఆవాసమునకు బాట వేయవలెనని నియమము. ఎడారి అభివృద్ధి పథకములో చేరిన ప్రాంతములకు 250 మంది చాలును. అనంతపురము ఆ పథకములో చేరిన సీమ. 2024లో ఆమోదింపబడిన నాలుగవ దశకు 2011 జనాభా లెక్కయే ఆధారము. 258 మంది గల మజరా యొకటి యున్నదనుకొనుడు. ఆరు జంటలు కూలికి పోయి గడువులో తిరిగిరానిచో 246 మందియే మిగులుదురు. ప్రసవవేదనతోనున్న స్త్రీని మంచముపై మోసికొనిపోవుటయా, బండిలో తీసికొనిపోవుటయా యనునది ఆ పండ్రెండుగురిపై ఆధారపడియుండును.

పూర్వము ఏ గడపలో ఎందరున్నారో కరణము ఎఱుగును. 1984లో ఆ యుద్యోగములు రద్దయినవి. లెక్కకు వచ్చు ఉపాధ్యాయుడు పొరుగూరివాడై యుండవచ్చును. కావున ఆ బాధ్యత మీపై బడినది. 2021లో జరుగవలసిన గణన వాయిదాపడగా, 2027 మార్చి 1వ తేదీని ప్రమాణదినముగా ప్రభుత్వము 2025లో ప్రకటించినది. గణకుడు వచ్చునపుడు ప్రతి మజరాను పేరుతో చూపుడు. పొలములోని గుడిసెను, గొఱ్ఱెల మందతో పోయిన కాపరి యింటిని మరువకుడు. నిన్న పుట్టిన శిశువును, ఒంటరి వృద్ధురాలిని చేర్పించుడు. కూలికి పోయినవారికి ముందే కబురంపి, వీలైనచో ఆ దినములలో ఒక్కమారు ఇంటికి రమ్మనుడు. లేనివారిని ఉన్నట్లు చెప్పుట మాత్రము తగదు. ఒక్కడు రెండుచోట్ల లెక్కకు వచ్చినచో అదియును అసత్యమే యగును.

చిన్న పల్లెకు తన బలము తన మనుష్యులే. దీపము వెలుగుచున్న ప్రతి గడపయు లెక్కలో నుండునట్లు చూచుట పెద్దల ధర్మము.