పాత తెలుగు ఫైళ్ళు: మెమొరీ చాలదన్నప్పుడు, అక్షరం కనబడనప్పుడు

హోసూరు ప్రాంతం నుంచి వచ్చిన ఒక విద్యార్థిని నా దగ్గరికి రెండు ఫ్లాపీలు తెచ్చింది. వాళ్ళ నాన్నగారు 1990లలో చుట్టుపక్కల పల్లెల్లో తిరిగి రాసుకున్న మాటల పట్టిక వాటిలో ఉంది. కాగితం ప్రతి మిగలలేదు. ఆ ఫైలును తెరిస్తే తెర నిండా నిలువు గీతలు, అడ్డగీతలు, గళ్ళు. "చెడిపోయింది సార్, పారెయ్యమంటున్నారు" అంది. నిజానికి అందులో ఒక్క అక్షరం కూడా చెడలేదు.

బళ్ళారి, హోసూరు, బరంపురం, షోలాపురం, యానాం వంటి చోట్ల ఇలాంటి ఫైళ్ళు చాలా ఇళ్ళలో ఉండి ఉంటాయి. తెలుగునాట అచ్చయిన పుస్తకానికి పది ప్రతులైనా దొరుకుతాయి. మన ప్రాంతపు మాటల పట్టికకు ఆ ఫ్లాపీయే ఏకైక ప్రతి కావచ్చు. కాబట్టి పారేసే ముందు ఏమి జరిగిందో తెలుసుకోవాలి. తెర మీద కనిపించేది ఒకటి, ఫైలులో నిలిచి ఉన్నది మరొకటి. భాషాశాస్త్రంలో ధ్వనిని, లిపిని వేరుచేసి చూసినట్లే ఇక్కడా ఈ రెండింటినీ వేరుచేసి చూడాలి. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఇదే.

మొదటి పని: నకలు

ఏ ప్రయోగమూ అసలు ఫైలు మీద చేయకూడదు. మూడున్నర అంగుళాల ఫ్లాపీకి మూలన జరిపే చిన్న మీట ఉంటుంది. దాన్ని జరిపి రంధ్రం తెరిచి ఉంచితే కంప్యూటరు దాని మీద ఏమీ రాయలేదు. అయిదుంపావు అంగుళాల దానికి ఇది తలకిందులు. పక్కన ఉన్న గంటును కాగితంతో మూసివేయాలి. ఆ తర్వాతే నకలు తీసి, నకలుతో పని చేయాలి.

మెమొరీ చాలదంటే

పాత డాస్ ప్రోగ్రాము నడపబోతే తరచుగా కనిపించే ఫిర్యాదు "మెమొరీ చాలదు" అన్నది. యంత్రంలో నాలుగు మెగాబైట్లున్నా ఈ మాట ఎందుకు వస్తుంది? 1981లో వచ్చిన ఐబీఎం పీసీలోని ప్రాసెసరు మొత్తం 1024 కిలోబైట్లను మాత్రమే గుర్తించగలిగేది. అందులో 640 ప్రోగ్రాములకు, మిగిలిన 384 తెరకు, యంత్రపు సొంత అవసరాలకు కేటాయించారు. తర్వాత యంత్రాలు ఎంత పెరిగినా డాస్ ప్రోగ్రాములు ప్రధానంగా ఆ 640లోనే సర్దుకోవలసి వచ్చింది. ఇల్లు పెద్దదయినా వంటగది పాతదే అన్నమాట. ఆ గదిలోనే డాస్, మౌసు డ్రైవరు, నెట్‌వర్కు డ్రైవరు, తెలుగు లిపి డ్రైవరు కూడా కూర్చునేవి. చివరికి వచ్చిన ప్రోగ్రాముకు చోటు చాలేది కాదు.

మందు ఏమిటంటే, ముందు "మెమ్" అనే ఆజ్ఞతో ఎవరు ఎంత చోటు ఆక్రమించారో చూడడం, తర్వాత వారిని పైకి పంపడం. 1991లో వచ్చిన డాస్ 5 నుంచి హైమెమ్, ఈఎంఎం386 అనే రెండు సహాయకుల ద్వారా డాస్‌ను, డ్రైవర్లను 640కి పైన ఉన్న చోటులోకి తరలించే వీలు కలిగింది. 1993లో వచ్చిన డాస్ 6లో మెమ్‌మేకర్ అనే ప్రోగ్రాము ఈ సర్దుబాటును తానే చేసేది.

దీనికి పూర్తిగా ఎదురైన జబ్బు కూడా ఉంది. విండోస్ 95, 98 నడిచే యంత్రంలో 512 మెగాబైట్లకు మించి మెమొరీ పెడితే, ఎక్కువైనందువల్లనే "మెమొరీ చాలదు" అనవచ్చు. ఫైళ్ళను తాత్కాలికంగా దాచుకునే భాగం హద్దులేకుండా పెరిగి, ఇతర పనులకు కావలసిన చిరునామాలను మింగివేయడం దీనికి కారణం. సిస్టమ్.ఇని అనే ఫైలులో వీకాష్ శీర్షిక కింద ఆ భాగానికి గరిష్ఠ పరిమితి రాస్తే ఇది కుదురుతుంది. అంటే యంత్రం చెప్పిన కారణాన్ని మాటకు మాటగా నమ్మకూడదు.

నేటి 64 బిట్ల విండోస్ పాత 16 బిట్ల ప్రోగ్రాములను అసలు నడపదు. వాటికి 2002లో మొదటిసారి విడుదలైన డాస్‌బాక్స్ ఉంది. అది కంప్యూటరులోనే ఒక పాత కంప్యూటరును కల్పిస్తుంది. మామూలుగా 16 మెగాబైట్ల మెమొరీ ఇస్తుంది. డాస్ పనులకు అది సాధారణంగా చాలు. అయితే పాత తెలుగు ప్రోగ్రాములు కొన్ని యంత్రంలో జిస్ట్ కార్డు ఉంటేనే పని చేసేవి. కాన్పూరు ఐఐటీలో మొదలై పుణె సీడాక్‌లో పెరిగిన సాంకేతికత అది. డాస్‌బాక్స్‌లో ఆ కార్డు లేదు. అటువంటప్పుడు ప్రోగ్రాముతో కుస్తీ మానేసి, ఫైలును బయటికి తీయాలి. ప్రోగ్రాము నడవకపోయినా ఫైలును చదవవచ్చు.

అక్షరం కనబడకపోతే

తెర మీద కనిపించే లక్షణాన్ని బట్టి జబ్బును గుర్తించవచ్చు.

ఒకటి, డాస్ తెర మీద గీతలూ గళ్ళూ కనిపిస్తే అది బహుశా ఇస్కీ. 1991 నాటి ఈ భారతీయ ప్రమాణంలో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంది. కకారానికి 179, దకారానికి 196. క నుంచి హ వరకు హల్లులన్నీ 179కి, 216కి మధ్య వస్తాయి. కార్డు లేని డాస్ యంత్రం సరిగ్గా ఆ సంఖ్యలనే పట్టికలు గీసే గీతలకు వాడుతుంది. 179 నిలువు గీత, 196 అడ్డగీత. ఆ అమ్మాయి చూసిన గీతలు వాళ్ళ నాన్నగారు కొట్టిన హల్లులే.

ఇస్కీలో మన వంటి వారు తెలుసుకోవలసిన సంగతి మరొకటి ఉంది. తెలుగు, కన్నడ, ఒడియా, తమిళ, దేవనాగరి లిపులన్నిటిలోనూ కకారానికి 179 సంఖ్యే. ఏ లిపిలో చూపాలో వేరుగా చెప్పాలి. అందువల్ల బరంపురంలో ఒడియాకు అమర్చిన యంత్రంలో తెలుగు ఫైలు ఒడియా అక్షరాల్లో కనిపిస్తుంది. దాన్ని తప్పనుకొని దిద్దకండి. ఒడియాలో హ్రస్వమైన ఎ, ఒ లకు వేరు గుర్తులు లేవు. ఆ లిపిలో చూస్తూ దిద్దితే మన మాటల్లోని హ్రస్వదీర్ఘాల తేడా పోతుంది. మార్పిడి ప్రోగ్రాము సంకేత పుట సంఖ్య అడిగితే తెలుగు ఇస్కీకి విండోస్‌లో 57005, కన్నడానికి 57008 అని గుర్తుంచుకోండి.

రెండు, గుర్తులు తగిలించిన రోమన్ అక్షరాలు కనిపిస్తే మూడు అవకాశాలున్నాయి. డాస్ కాలపు ఇస్కీ ఫైలును విండోస్‌లో తెరిస్తే ఇలాగే ఉంటుంది. తలపై గీత ఉన్న రోమన్ "ఏ", దాని పక్కన చిన్న సున్న మళ్ళీ మళ్ళీ వస్తుంటే అది యూటీఎఫ్-8 పద్ధతిలో ఉన్న యూనికోడు. అందులో తెలుగు అక్షరానికి మూడు బైట్లు. తెరిచేటప్పుడు ఆ పద్ధతిని ఎంచుకుంటే చాలు. ఈ రెండూ కాకపోతే అది ఫాంటును నమ్ముకొని కొట్టిన ఫైలు. ఆ ఫాంట్లలో ఉన్నవి 256 స్థానాలే. గుణింతాలూ వత్తులూ అన్నీ వాటిలో పట్టవు గనుక అక్షరాన్ని ముక్కలు చేసి పెట్టారు. కొన్ని ఫాంట్లలో మకారానికి సొంత స్థానమే లేదు. వకారం పక్కన ఒక కొమ్ము చేర్చి మకారం చేస్తారు. తెర మీద చక్కగానే కనిపిస్తుంది గాని, వకారం కోసం వెదికితే మకారాలు కూడా వస్తాయి. అకారాదిగా పేర్చితే క్రమం చెడుతుంది. పైగా ఒక్కొక్క ఫాంటుది ఒక్కొక్క ఏర్పాటు. ఫాంటు పేరు తెలియకపోతే మార్పిడి చేయడం చాలా కష్టం.

మూడు, ఖాళీ చతురస్రాలు కనిపిస్తే పాఠం క్షేమం. యూనికోడు తెలుగును చూపే ఫాంటు ఆ యంత్రంలో లేదన్నమాట. విండోస్ 2000లో తమిళం, దేవనాగరి ఉన్నాయి గాని తెలుగు లేదు. 2001లో ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. తమిళనాట పాత యంత్రంలో తమిళం చక్కగా కనిపించి తెలుగు గళ్ళుగా కనిపించడానికి కారణం ఇదే.

నాలుగు, వరుసగా ప్రశ్నార్థకాలు కనిపిస్తే జాగ్రత్త. యూనికోడు పాఠాన్ని పాత పద్ధతిలో భద్రపరిస్తే, పట్టని ప్రతి అక్షరం స్థానంలో ప్రశ్నార్థకం చేరుతుంది. ఇది చూపులో వచ్చిన లోపం కాదు, పాఠమే పోయింది. ఏ మార్పిడీ దాన్ని తిరిగి తేలేదు. అసలు ప్రతికి వెళ్ళవలసిందే. మొదట నకలు తీయమన్నది ఇందుకే.

చివరగా

మార్పిడి అయ్యాక మీకు బాగా తెలిసిన పుటను, ఊళ్ళ పేర్లున్న పుట అయితే మరీ మంచిది, అక్షరం అక్షరం సరిచూడండి. వత్తులనూ దీర్ఘాలనూ ముఖ్యంగా చూడాలి. తర్వాత ఒక కాగితం మీద ప్రోగ్రాము పేరు, ఫాంటు పేరు, సంవత్సరం, ఏ ఊరి మాటలు, ఎవరు సేకరించారు అన్నది రాసి ఫైలుతోపాటు ఉంచండి. ఫాంటు పేరు గుర్తున్న పెద్దలు ఇంట్లో ఉండగానే అడగండి.

ఆ విద్యార్థిని ఫైలును ఇస్కీ నుంచి యూనికోడుకు మార్చడానికి ఒక మధ్యాహ్నం పట్టింది. మొదటి పుట తెర మీదికి రాగానే ఆమె నాలుగో మాట దగ్గర ఆగి, "ఇది మా అవ్వ మాట సార్" అంది. ఆ మాట ఇన్నేళ్ళూ గీతల వెనక అక్కడే ఉంది.