కిందపడిన పిట్టను ఎత్తుకునే ముందు

వేసవిలో పెరట్లోనో రోడ్డు పక్కనో గోరింక పిల్లో పికిలిపిట్ట పిల్లో కనిపిస్తుంది. తోక సరిగా మొలిచి ఉండదు, ఎగరలేక గెంతుతూ ఉంటుంది. తల్లి వదిలేసిందనుకుని జాలిపడి ఇంటికి తెస్తారు. దూది పరిచి పడుకోబెడతారు, ఇంకు ఫిల్లరుతో పాలు పోస్తారు. మర్నాటికి అది చచ్చిపోతే దాని ఆయుష్షు అంతేనని సరిపెట్టుకుంటారు. నిజానికి చాలాసార్లు ఆ పిల్ల అనాథే కాదు. ఈ జాతుల పిల్లలు ఎగరడం పూర్తిగా రాకముందే గూడు దిగిపోతాయి. కొన్నాళ్లు పొదల్లో, నేలమీద తిరుగుతూ రెక్కలు సాధన చేస్తాయి. తల్లిదండ్రులు దగ్గర్లోనే ఉండి పురుగులు తెచ్చి నోట్లో పెడుతుంటాయి, కానీ పక్కన మనిషి నిలబడి ఉన్నంతసేపూ దిగిరావు. మనిషి చెయ్యి తగిలిన పిల్లను తల్లి మళ్లీ దగ్గరకు రానివ్వదన్న నమ్మకానికీ ఆధారం లేదు. పక్షులు పిల్లలను ప్రధానంగా అరుపును బట్టి, రూపును బట్టి గుర్తుపడతాయి. పిల్లను దగ్గర్లోని కొమ్మ మీద కూర్చోబెట్టి, కుక్కలనూ పిల్లులనూ తరిమి, మనం తప్పుకుంటే చాలు. గాయపడ్డ, తల్లిలేని పక్షులను కాపాడే పనికి జాలి ఒక్కటే చాలదని, ఆ పక్షి గురించి తెలిసి ఉండాలని చెప్పడానికి ఈ ఒక్క సంగతి చాలు.

అలాగని అన్ని పిల్లలనూ వదిలేసి రమ్మని కాదు. కర్ణాటకలో మద్దూరు దగ్గర కొక్కరె బెళ్ళూరు అనే ఊళ్లో ఇళ్ల మధ్య చెట్ల మీదే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు పెడతాయి. గాలివానకో, గూటిలో తోపులాటకో పిల్ల కిందపడితే ఆ జాతుల్లో తల్లి నేలకు దిగి మేపదు. పిల్ల తిరిగి చెట్టెక్కలేదు. ఆకలికో కుక్కలకో బలైపోవలసిందే. అందుకే ఆ ఊరివాళ్లు, మైసూరు ప్రకృతి ప్రేమికులు కలిసి 1990ల నుంచి అలాంటి పిల్లలను కంచె వేసిన దొడ్డిలో ఉంచి, చేపలు మేపి, రెక్కలు బలపడ్డాక వదులుతున్నారు. మన నేలపట్టు, తేలినీలాపురంలో గూళ్లు పెట్టే గూడబాతులదీ అదే జాతి. పిల్ల నేలమీద ఉండటం గోరింకకైనా గూడబాతుకైనా ఒకటే. గోరింక పిల్లను ముట్టుకోకపోవడం దయ అయితే, గూడబాతు పిల్లను ముట్టుకోకపోవడం దాన్ని చంపడమే. జాతి తెలియనివాడికి ఈ తేడా తెలియదు.

ఇక గాయపడ్డ పక్షి సంగతి. మనం ఆదుర్దాగా చేసే పనుల్లో చాలావరకు దాని ఒంటికి పడవు. పాలలోని చక్కెరను పక్షి అరిగించుకోలేదు. దాని గాలిగొట్టం ద్వారం నాలుక మొదట్లోనే ఉంటుంది కాబట్టి, నోరు తెరిచి నీళ్లు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. దానికి మనలా ఉదరవితానం లేదు, ఎదురొమ్ము ఎముక కదిలితేనే ఊపిరి ఆడుతుంది. ఛాతీ చుట్టూ గట్టిగా పట్టుకుంటే ఊపిరాడక మన చేతిలోనే పోతుంది. చల్లబడిపోయిన పక్షికి ముందు వెచ్చదనం, తర్వాత ఒంట్లోకి నీరు, ఆ తర్వాతే తిండి. ఈ వరుస తప్పకూడదు. ఎముకల సంగతి మరీ తొందర. పక్షి ఎముక రెండు మూడు వారాల్లోనే అతుక్కుంటుంది. వినడానికి శుభవార్తలా ఉన్నా, వంకరగా అతుక్కుంటే ఆ రెక్క ఇక ఎగరడానికి పనికిరాదు. ఇంట్లో ఉంచుకుని ‘నాలుగు రోజులు చూద్దాం’ అనుకున్న ఆ నాలుగు రోజులే దాని ఆకాశాన్ని లాగేసుకుంటాయి. కాబట్టి ఇంట్లో చేయదగ్గది కొంచెమే. గాలి ఆడేలా చిల్లులు పెట్టిన అట్టపెట్టె, అడుగున మెత్తని గుడ్డ, చీకటి, నిశ్శబ్దం, ఆపైన అటవీశాఖకో పక్షుల వైద్యం తెలిసిన డాక్టరుకో ఫోను. గాయమేమీ కనబడకుండా తూలుతున్న పక్షినీ, ఒకేచోట చచ్చి పడివున్న పక్షులనూ వట్టి చేతులతో తాకవద్దు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్లఫారాల్లో బర్డ్ ఫ్లూ ప్రబలిన సంగతి మరిచిపోకూడదు.

ఇంత శ్రమా ఫలిస్తుందా అన్నది న్యాయమైన ప్రశ్న. జవాబు రెండు రకాలుగానూ ఉంది. 2000 జూన్‌లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ దగ్గర ‘ట్రెజర్’ అనే ఓడ మునిగి చమురు పారింది. దాదాపు 19 వేల ఆఫ్రికన్ పెంగ్విన్లను పట్టి, కడిగి, మేపితే తొంభై శాతానికి పైగా బతికి సముద్రానికి వెళ్లాయి. చమురు అంటని మరో 19 వేలకు పైగా పెంగ్విన్లను వందల కిలోమీటర్ల దూరం తీసుకెళ్లి వదిలారు. అవి ఈదుకుంటూ ఇల్లు చేరేసరికి తీరం శుభ్రమైంది. కానీ చమురు అంటిన ఉత్తర అమెరికా సముద్రపక్షుల లెక్క వేరు. వాటిపై 1996లో వెలువడిన అధ్యయనం ప్రకారం, కడిగి వదిలిన గిలెమాట్ పక్షుల్లో చాలావరకు కొద్ది రోజులకు మించి బతకలేదు. పెంగ్విన్ ఒడ్డున వారాల తరబడి పస్తుండగల పక్షి. బతుకులో ఎక్కువ భాగం నీటి మీదే గడిపే గిలెమాట్‌కు ఆ ఓపిక లేదు. అంటే, ఎన్నిటిని ఆసుపత్రిలో చేర్చుకున్నాం, ఎన్నిటిని వదిలాం అన్న లెక్కలు విరాళాలు అడగడానికి పనికొస్తాయేమో గానీ, పని ఫలించిందో లేదో చెప్పవు. వదిలాక ఎన్ని బతికాయన్నదే అసలు లెక్క.

‘ప్రకృతిలో చావు సహజం, మధ్యలో మనమెందుకు’ అనేవారు మరికొందరు. డేగ పావురాన్ని పట్టుకుంటే నిజంగానే మనకు పనిలేదు. కానీ ఆసుపత్రులకు వచ్చే గాయాల్లో గాలిపటాల మాంజా దారం కోతలు, కరెంటు తీగలు, అద్దాల గోడలు, పెంపుడు పిల్లుల పంజా దెబ్బలు తక్కువేం కాదు. అవి ప్రకృతి పెట్టినవి కావు. ఒక్క పక్షి బతికితే జాతికి ఏం ఒరుగుతుందన్న వాదనలో కొంత నిజముంది. కాకులకూ పావురాలకూ ఏమీ ఒరగదు. రాబందుకు మాత్రం ఒరుగుతుంది. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు వల్ల కూలిపోయిన జాతి అది. పశువైద్యంలో ఆ మందును 2006లో నిషేధించారు. జంటకు ఏడాదికి ఒక్క గుడ్డే కాబట్టి, గుడ్లు పెట్టే ఈడు పక్షి ఒక్కటి బతికినా లెక్కలోకి వస్తుంది. ఇక ఏ పక్షికి వైద్యం అందాలన్న అర్హత మాటకొస్తే, దిల్లీ ఎర్రకోట ఎదుటి జైన పక్షుల ఆసుపత్రిలో మాంసాహార పక్షులను చేర్చుకోని నియమం వల్ల గద్దలకు దిక్కులేకపోయింది. నదీమ్ షెహజాద్, మహమ్మద్ సౌద్ అనే అన్నదమ్ములు వాటి కోసమే ఇంటి కిందిభాగంలో వైద్యం మొదలుపెట్టారు. 2022లో వచ్చిన ‘ఆల్ దట్ బ్రీత్స్’ డాక్యుమెంటరీ వాళ్ల కథే. మాంజా తెగ్గోసే రెక్క ఏం తినే పక్షిదో చూడదు కదా.

మనవాళ్లకు మింగుడుపడని విషయం ఇంకొకటుంది. రెక్క కీలు దగ్గర తెగిపోయిన గద్ద మళ్లీ వేటాడలేదు. జీవితాంతం బోనులో బెదురుతూ ఉంచడం కంటే నొప్పిలేకుండా దాని బాధ ముగించడమే మేలన్నది ఈ పని బాగా తెలిసిన చాలామంది వైద్యుల మాట. అహింస పేరుతో దాన్ని కాదనేవాళ్లు, ఆ బోనులో పక్షి పడే హింసను కూడా లెక్కలో వేసుకోవాలి. ముద్దుచేసి మచ్చిక చేసుకోవడమూ ఈ హింసకు దూరం కాదు. మనిషి చేతిలో పెరిగిన పిల్ల మనిషినే తన జాతి అనుకుంటే, దాన్ని వదిలినా అడవిలో బతకలేదు. 1987 నాటికి ప్రపంచంలో 27 మాత్రమే మిగిలిన కాలిఫోర్నియా కాండర్ల పిల్లలకు, మనిషి కనబడకుండా, కాండర్ తలలాంటి తోలుబొమ్మను చేతికి తొడుక్కుని మేపింది అందుకే. 1992 నుంచి వదులుతూ వచ్చారు, ఇప్పుడవి అయిదు వందలు దాటాయి. మన చట్టం కూడా పక్షిని పెంచుకోమనదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం, చేతికి చిక్కిన అడవి జీవి సంగతి 48 గంటల్లోగా అధికారులకు తెలపాలి. రామచిలుకకూ ఇదే వర్తిస్తుంది.

ఇక అసలు గాయమే తగలకుండా చూసే సంగతి. సింథటిక్ మాంజాను తెలంగాణ 2016లో, దేశమంతటా జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లో నిషేధించినా సంక్రాంతికి ఇప్పటికీ అమ్ముతూనే ఉన్నారు. పిల్లలకు నూలుదారమే కొనిపెట్టండి. పక్షులు గూళ్లు వదిలే తెల్లవారుజామున, తిరిగొచ్చే సాయంత్రం వేళ గాలిపటాలు దించేయండి. పండగ వెళ్లాక మీ వీధి చెట్లకు, తీగలకు చిక్కిన దారాన్ని తీయించండి. చెట్ల మీది దారాన్ని మీరే తీయొచ్చు, కరెంటు తీగల జోలికి మాత్రం పోకుండా విద్యుత్ సిబ్బందికి చెప్పండి.