సంస్థలో గణాంక బృందము – దాని స్థానము, స్వరూపము

వ్యాపారమునకు పెట్టుబడి ఎంత అవసరమో లెక్కయు అంతే అవసరము. తెలుగు వర్తకుల చిట్టా, ఆవర్జాలలో జమ, ఖర్చు, బాకీ, వసూలు అను మాటలు నేటికిని నిలిచియున్నవి. అరబ్బీ, పారసీ భాషలలో పుట్టిన ఈ మాటలు ఉర్దూకును తెలుగునకును ఉమ్మడి సొత్తు. లెక్క వ్రాయు గుమాస్తా పేరు కూడ పారసీ నుండి వచ్చినదే. అయితే గుమాస్తా వ్రాసిన లెక్క జరిగిపోయిన దానిని మాత్రమే చెప్పును. ఆ లెక్కను చదివి రేపటి నిర్ణయమునకు ఆధారముగా చేసికొనుట వేరొక విద్య. దానినే నేడు బిజినెస్ ఇంటెలిజెన్స్ అనియు అనలిటిక్స్ అనియు పిలుచుచున్నారు. మనము దానిని వ్యాపార విశ్లేషణము అని పిలుచుకొందము.

ఐబీఎం సంస్థలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ 1958లో ఈ విషయముపై ఒక ప్రసిద్ధ వ్యాసము ప్రకటించెను. సంస్థలో ఎవరికి ఏ సమాచారము కావలెనో అది వారికి సకాలమున చేరవలెనని ఆయన ఆశయము. నాటి యంత్రములకు కష్టసాధ్యమైన గణనము నేడు చిన్న దుకాణములోని కంప్యూటరుకు కూడ సులభమే. కష్టమంతయు మనుష్యులను కూర్చుటలో నున్నది. లెక్క చూచువారు సంస్థలో ఎచ్చట కూర్చుండవలెను? ఎవరికి జవాబు చెప్పవలెను? ఈ వ్యాసములో మేము చర్చింపదలచిన విషయమిదియే.

పలాస జీడి పరిశ్రమ దృష్టాంతము

దూరపు ఉదాహరణములు మనకక్కరలేదు. సుమ్మాదేవి స్టేషను నుండి పలాస ఎంతో దూరము లేదు. పలాస, కాశీబుగ్గలలో చిన్నవి, పెద్దవి కలిపి వందలకొలది జీడి పరిశ్రమలు కలవు. ఉద్దానము తోటల పిక్కలతోబాటు ఆఫ్రికా దేశముల పిక్కలును ఇచ్చటికి వచ్చుచున్నవి. పిక్కలను ఎండబెట్టుట, కాల్చుట లేక ఆవిరిపై ఉడికించుట, పిక్క కొట్టి పప్పు తీయుట, ఆరబెట్టుట, పొట్టు తీయుట, గుండ్లు, బద్దలు, ముక్కలుగా వేరుచేయుట, టిన్నులలో నింపుట – ఇన్ని దశలు గడచిన గాని పప్పు బజారునకు చేరదు. పొట్టు తీయుట, వేరుచేయుట అను పనులలో అధికభాగము స్త్రీలే. ప్రతి దశలోను ఒక తూకము, ఒక లెక్క యుండును.

జీడి వర్తకములో 80 కిలోల బస్తాకు ఎన్ని పౌనుల పప్పు దిగునో చూచి పిక్కల నాణ్యమును నిర్ణయించుట అంతర్జాతీయముగా వాడుకలో నున్నది. బస్తాకు 48 పౌనులు దిగినచో అది సుమారు 21.8 కిలోలు, అనగా నూటికి 27 పాళ్లు. చూచుటకు ఇది చిన్న లెక్కయే. కాని ఒక సంస్థ 8,000 కిలోల పిక్కలు కొన్నదనుకొందము. ఎండలో తేమ పోయి అవి 7,600 కిలోలైనవి. చివరకు 2,000 కిలోల పప్పు దిగినది. కొనుగోలు గుమాస్తా కొన్న తూకముతో భాగించి నూటికి 25 అనును. కర్మాగారపు గుమాస్తా ఎండిన తూకముతో భాగించి నూటికి 26.3 అనును. ఇద్దరిలో ఎవరును అబద్ధమాడలేదు. అయినను యజమాని యెదుట రెండు అంకెలు నిలిచినవి. ఈ తేడా ఎచ్చటిదో వివరించువాడు లేనిచో, పప్పు ఎటు పోయినదను అనుమానము ముందుగా పొట్టు తీయు స్త్రీలపై పడును. రెండవసారి రైతు బస్తా ధరపై పడును. లెక్కకు ఒక నిర్వచనము లేనందున శిక్ష అనుభవించువారు లెక్క వ్రాయనివారే.

మూడు పద్ధతులు

గణాంక బృందమును కూర్చుటకు ముఖ్యముగా మూడు పద్ధతులు కలవు.

మొదటిది కేంద్రీకృత పద్ధతి. విశ్లేషకులందరు ప్రధాన కార్యాలయములో ఒకచోట కూర్చుందురు. నిర్వచనములు ఒక్కటిగా నుండును. ఒకరి పనిని మరియొకరు సరిచూతురు. కాని వారు పిక్కను కంటితో చూడరు. ఒక వారము ముక్కలు పెరిగినచో పనివారి చేతిలో లోపమనుకొందురు. ఆ సరకు తడిసి వచ్చినదను సంగతి వారి పట్టికలో నుండదు.

రెండవది వికేంద్రీకృత పద్ధతి. కొనుగోలు, ఉత్పత్తి, అమ్మకము – ప్రతి విభాగమునకు తన విశ్లేషకుడు తనకే యుండును. అతనికి సరకు తెలియును, మనుష్యులు తెలియుదురు. కాని ప్రతి విభాగమును తనకు అనుకూలమైన లెక్కనే చూపును. పైన చెప్పిన 25, 26.3 తగవు పుట్టునది ఇచ్చటనే.

మూడవది బండిచక్రపు పద్ధతి. నడుమ నాభివలె ఒక చిన్న కేంద్ర బృందము. చుట్టును ఆకులవలె విభాగములలో కూర్చుండు విశ్లేషకులు. నిర్వచనములు, దత్తాంశ భాండారము, శిక్షణము నాభి యధీనములో నుండును. ప్రశ్నలు, పరిశీలనము విభాగములలో జరుగును. విభాగములోని విశ్లేషకుడు రోజువారీ పనిలో ఆ విభాగాధిపతికి, లెక్క శుద్ధి విషయములో కేంద్రమునకు బాధ్యుడగును. ఇద్దరు అధికారుల నడుమ నలుగుట ఇందలి కష్టము. అయినను మధ్యమ, పెద్ద సంస్థలకు ఇదియే మేలైనదని మా అభిప్రాయము.

కేంద్రము, క్షేత్రము రెండును కావలెననుటకు మన ప్రాంతమే సాక్ష్యము. 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము రియల్ టైమ్ గవర్నెన్స్ సొసైటీని స్థాపించి, పలు శాఖల సమాచారమును ఒకచోట చేర్చుటకు పూనుకొన్నది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీప తీరమును దాటినది. తుపాను గమనమును దూరమందలి గదిలో కూర్చుండి చూడవచ్చును. కాని ఉద్దానములో ఏ రైతు కొబ్బరిచెట్లు ఎన్ని కూలినవో లెక్కించుటకు తోటలోనికి నడచి వెళ్లక తప్పలేదు.

క్షేత్రములోని లెక్కను నమ్ముటెట్లు? ఇందుకు 1931లో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించిన ప్రశాంతచంద్ర మహలనోబిస్ ఒక మార్గము చూపెను. బెంగాలు జనుప పంట పరిశీలనలో ఒకే ప్రాంతమును ఇద్దరు వేర్వేరుగా లెక్కించునట్లు నమూనాలను అమర్చి, ఆ రెంటిని పోల్చి లోపములను కనిపెట్టెను. ఆంధ్ర విశ్వవిద్యాలయములో గణితము చదివి ఆ సంస్థలో చేరిన సి. ఆర్. రావుగారు ప్రపంచ ప్రఖ్యాత గణాంకవేత్త అయిరి. జీడి సంస్థ కూడ ఇరువది బస్తాలకొక బస్తాను ఇద్దరిచేత వేర్వేరుగా తూయించినచో అదే సూత్రమును పాటించినట్లగును.

బృందములో ఎవరుండవలెను?

పెద్ద జట్టు అవసరము లేదు. సమాచారమును చేర్చి శుభ్రపరచి భద్రపరచువాడొకడు. దానిని ప్రశ్నించి అర్థము తీయువాడొకడు. ఆ అర్థమును యజమానికిని మేస్త్రీకిని వారి మాటలలో చెప్పగలవాడొకడు. చిన్న సంస్థలో ఈ మూడు పనులు ఒక్కరే చేయవచ్చును; అయినను మూడును జరుగవలెను. మూడవ పనిని సంస్థలు తరచుగా విస్మరించును. అంకె అర్థము కానిచో అది గోడమీది అలంకారమే.

బృందము ఎవరి క్రింద నుండవలెను? కేవలము ఖాతాల విభాగము క్రింద నుంచినచో ఖర్చు తగ్గించుటయే దాని దృష్టి యగును. కంప్యూటరు విభాగము క్రింద నుంచినచో యంత్రముల మరమ్మతే దాని పని యగును. నిర్ణయము చేయువానికి నేరుగా చెప్పగల స్థానము దానికి ఉండవలెను. ఇష్టములేని అంకెను చెప్పినందుకు ఉద్యోగము పోదను భరోసాయు ఉండవలెను. ఈ భరోసా లేనిచోట ఎంత చక్కని అమరికయైనను వ్యర్థము.

విద్యార్థులకును కార్యవర్గమునకును

మన కామర్సు, గణితము చదివిన యువకులు, యువతులు లెక్కల ఉద్యోగమనిన హైదరాబాదు, బెంగుళూరు అని మాత్రమే తలచుచున్నారు. పది మైళ్లలోనున్న పరిశ్రమలకు కూడ ఈ విద్య కావలసియున్నదని వారు గ్రహింపవలెను. కార్యవర్గమువారు అంగీకరించినచో, వేసవిలో ఇద్దరిద్దరు విద్యార్థులను ఒక్కొక్క జీడి పరిశ్రమకు పంపి, ఒక నెలపాటు బస్తా నుండి టిన్ను వరకు తూకములను వ్రాయించవచ్చును. దీనికి కావలసినది ఒక నోటుపుస్తకము, ఒక త్రాసు, యజమాని అనుమతి మాత్రమే. నెల చివర ఆ లెక్కను యజమాని యెదుటను, పొట్టు తీయు స్త్రీల యెదుటను ఒక్కతీరుగా చదివి వినిపింపవలెను. ఇద్దరును ఒప్పుకొన్న అంకెయే సరియైన అంకె; దానిని సాధించినవాడే ఈ విద్యలో ఉత్తీర్ణుడు.