కపాలపు కప్పును తిరిగి అమర్చుట

భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు 1959 ఫిబ్రవరి 4వ తేదీన ప్రారంభింపబడినది. తెలుగు జిల్లాల నుండి వచ్చి ఆ ఉక్కు నగరమున స్థిరపడిన కుటుంబములు అనేకము. కర్మాగారమున హెల్మెటు ధరింపనిదే పనిలో అడుగు పెట్టరాదు. బజారుకు మోటారు సైకిలుపై పోవునప్పుడు మాత్రము ఆ హెల్మెటు ఇంటి కొక్కెమునకే వ్రేలాడుట కద్దు.

తలకు పెద్ద దెబ్బ తగిలినచో మెదడు వాచును. పుర్రె సాగునది కాదు; కావున లోపలి ఒత్తిడి పెరిగి ప్రాణము మీదికి వచ్చును. అట్టి సమయమున శస్త్రవైద్యులు పుర్రెలో ఒక పెద్ద ముక్కను తొలగించి వాచిన మెదడునకు చోటు కల్పింతురు. తీసిన ఎముకను రోగి పొట్ట చర్మము క్రిందనో, అతిశీతల పేటికలోనో భద్రపరతురు.

చిక్కు తరువాత వచ్చును. కొన్ని వారములకు వాపు తగ్గి, ఎముక లేని చోట చర్మము గుంటపడును. కోలుకొనుచున్న చేయి మరల బలహీనపడవచ్చును, మాట తడబడవచ్చును, తలనొప్పి, తల తిరుగుట, మందకొడితనము కనిపింపవచ్చును. ఇంటివారు దీనిని పాత దెబ్బ ఫలితమే అనుకొని ఊరకుందురు. అది ఎల్లప్పుడును నిజము కాదు. ఈ లక్షణములను 1939లో గ్రాంటు, నార్‌క్రాస్ అను అమెరికా వైద్యులు వర్ణించిరి. ఎముక లేని చోట బయటి గాలి ఒత్తిడి చర్మము మీదుగా మెదడుపై పడును, మెదడు చుట్టునుండు ద్రవము నడక మారును, రక్తప్రసారము తగ్గును. నిలుచున్నప్పుడు బాధ హెచ్చి, పండుకొన్నప్పుడు తగ్గుట ఇందలి ముఖ్యమైన గుర్తు.

దాచిన ఎముకనో, టైటానియము లేక యాక్రిలికు పలకనో అమర్చిన పిదప కొందరికి దినములలోనే నడక, మాట, శ్రద్ధ మెరుగుపడును. అందరికి కాదు. నశించిన మెదడు కణములు ఎట్టి పలక అమర్చినను తిరిగి రావు. కుక్క ఎముకతో ఒక రష్యను ప్రభువు పుర్రెను బాగుచేసిన ఉదంతము 1668 నాటి డచ్చి గ్రంథమున కలదు. నేటి వైద్యము అంతకంటె ఎంతో సురక్షితమైనది. అయినను చీము పట్టుట, రక్తస్రావము, మూర్ఛలు, అమర్చిన ఎముక క్రమముగా కరగిపోవుట వంటి ప్రమాదములు నేటికిని లేకపోలేదు. వాపు, చీము పూర్తిగా తగ్గినవని చూచిన తరువాతనే వైద్యులు సమయమును నిర్ణయింతురు. సాధారణముగా అది కొన్ని వారములు లేక నెలలు.

అంతవరకు ఆ వైపు ఒత్తి పండుకొనరాదు. లేచి తిరుగునప్పుడు రక్షణ టోపీ ధరింపవలెను. గుంట ఉబ్బినను, జ్వరము, మూర్ఛ, మగత కలిగినను వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

భిలాయిలో చికిత్స పొంది, విశ్రాంతికై స్వగ్రామమునకు పోవువారు ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితమును పోగొట్టుకొనరాదు. ఎముక ఎక్కడ దాచబడినదో, మరల ఎప్పుడు రావలెనో అందులోనే వ్రాసియుండును.