మెట్టూళ్లో ఉప్పునీళ్ల తొట్టి

మాది వరికుంటపాడు. సముద్రం చూడాలంటే కావలి దాటి తుమ్మలపెంట దాకా పోవాలి. ఆ తీరంలో ఒక రొయ్యల హేచరీలో ఆరేళ్లు టెక్నీషియన్‌గా చేసి ఊరికి తిరిగొచ్చాను. ముందుగదిలో సముద్రపు చేపల కోసం మూడడుగుల గాజు తొట్టి పెట్టి, ఉప్పు బస్తా దించుతుంటే అమ్మ అడిగింది: “మన బోరులో లేని ఉప్పా నాయనా, మళ్లీ కొనుక్కొస్తివి?”

అసలు చిక్కు అక్కడే ఉంది. మా బోరు నీళ్లకు మీటరు పెడితే టీడీఎస్ 1400. అది సముద్రపు ఉప్పు కాదు, రాతిపొరల్లోంచి కరిగొచ్చిన సున్నం, సిలికా, ఫ్లోరైడు. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి 1937లో తొలిసారి రాసింది కూడా అప్పటి నెల్లూరు జిల్లా పల్లెలను చూసే. అందుకని ఆర్వో నీళ్లలో లీటరుకు 35 నుంచి 38 గ్రాముల మెరైన్ సాల్ట్ కలిపి, రిఫ్రాక్టోమీటరులో సాలినిటీ 35 చూశాకే తొట్టిలో పోశాను.

చేపను మాత్రం నెల దాటినా వెయ్యలేదు. చేప విసర్జించే అమ్మోనియా దానికే విషం. రాళ్ల సందుల్లో చేరే బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ బాక్టీరియా స్థిరపడేదాకా ఆగాలి. ఆగలేక చేపల్ని చంపుకున్నవాళ్లను చూశాను. ఆ తర్వాతే హేచరీలో పుట్టిన క్లౌన్‌ఫిష్ జంటను తెచ్చాను.

ఆర్నెల్లు బాగానే నడిచింది. ఏడో నెలలో ఇసుక మీద గోధుమరంగు జిగురు పట్టింది. తుడిస్తే రెండ్రోజుల్లో మళ్లీ వచ్చేది. మేత తగ్గించాను, లైటు తగ్గించాను, లాభం లేదు. చివరికి ఆర్వో నీళ్లకే మీటరు పెట్టి చూస్తే 64! సున్నం పేరుకుని మెంబ్రేన్ పాడైపోయి, బోరులోని సిలికా తొట్టిలోకి వచ్చేస్తోంది. ఆ జిగురు డయాటమ్‌లు అనే సూక్ష్మమైన నాచు. వాటికి గుల్ల కట్టుకోవడానికి సిలికా కావాలి. హేచరీలో రొయ్యపిల్లల మేతకు కీటోసెరాస్ అనే డయాటమ్‌ను పెంచుతూ నా చేత్తోనే సిలికేట్ కలిపేవాణ్ణి. ఇంట్లో తెలియకుండా అదే పని చేస్తున్నానన్నమాట. మెంబ్రేన్ మార్చి, దాని తర్వాత రెజిన్ ఫిల్టరు బిగించాను. మూడు వారాల్లో ఇసుక తెల్లబడింది. తొట్టిలో ఏ తేడా వచ్చినా ముందు పోసే నీళ్లను కొలవమని అందరికీ చెబుతున్నాను.

వేసవిలో నీటి మీదికి ఫ్యాను పెడితే వేడి రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, కానీ నీళ్లు ఇగురుతాయి. ఇగిరేది నీరే, ఉప్పు తొట్టిలోనే మిగులుతుంది. కాబట్టి పైన పోయాల్సింది మంచి ఆర్వో నీళ్లు, ఉప్పునీళ్లు కాదు. కరెంటు పోతే గాలి ఆగకుండా బ్యాటరీ పంపు ఉండి తీరాలి.

“పగడాలు లేవేం?” అంటారు వచ్చినవాళ్లు. దిబ్బలు కట్టే పగడాలు, సముద్రపు గుర్రాలు 2001 నుంచి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. మన్నారు సింధుశాఖలో విరిచి తెచ్చిన ముక్కను నా ఇంట్లో పెట్టుకోలేను. నావి మట్టితో చేసి కాల్చిన రాళ్లు. బాక్టీరియాకు ఆ రంధ్రాలు చాలు.

క్లౌన్‌ఫిష్‌లన్నీ మొదట మగవే. జంటలో పెద్దది ఆడదవుతుంది. మొన్న మా పెద్దది పూలకుండీ పెంకు మీద నారింజరంగు గుడ్లు పెట్టింది. మగది రెక్కలతో వాటికి నీళ్లు విసురుతూ కాపలా కాస్తోంది. వారం పైచిలుకులో రాత్రిపూట పిల్లలు బయటికొస్తాయి. వాటి మొదటి మేత రోటిఫర్లు అనే సూక్ష్మజీవులు, రోటిఫర్లకు మేత ఆకుపచ్చ నాచునీళ్లు. కిటికీ దగ్గర ఆరు సీసాల్లో ఆ నీళ్లు పెంచుతున్నాను. సీసాలను పొద్దున్నే ఎండవైపు తిప్పేది అమ్మే.