ఒకే తెలుగు, రెండు లిపులు : సంఘముల వెబ్‌సైటు నిర్మాణమున ఒక సమస్య

విరుదునగర్ జిల్లాలో పడమటి కనుమల పాదమున నున్న రాజపాళయము తెలుగువారికి క్రొత్త పేరు కాదు. 1949 నుండి 1952 వఱకు మద్రాసు ప్రభుత్వమునకు నాయకుడుగా నుండిన పూసపాటి కుమారస్వామి రాజా జన్మస్థాన మిది. విజయనగర రాజుల కాలమున వలస వచ్చితిమని ఇచ్చటి రాజుల సంప్రదాయము చెప్పుచున్నది. ఇన్ని తరములు గడచినను ఇంటిమాట తెలుగుగానే నిలిచినది. లిపి మాత్రము అట్లు నిలువలేదు. బడిలో నేర్చునది తమిళము. 2006 నాటి చట్టముతో ఒకటవ తరగతి మొదలుకొని క్రమముగా అది నిర్బంధ మయ్యెను. తెలుగు వినిన చక్కగా గ్రహించి, తెలుగక్షరము చూచిన తడబడు పాఠకుడు ఇచ్చట అరుదు గాడు. అట్టివారికై ఒక తెలుగు సంఘము వెబ్‌సైటు పెట్టదలచినచో దాని నిర్మాత చేయవలసిన దేమి?

నేడు వెబ్‌సైటును మొదటినుండి చేతితో వ్రాయువారు తక్కువ. వ్యాసములను, చిత్రములను ఒక భాండారమున దాచి, అడిగినప్పుడు పుటగా కూర్చి చూపు సిద్ధ వ్యవస్థలు కలవు. వానిలో మిక్కిలి వాడుకలో నున్నది వర్డ్‌ప్రెస్. మిషెల్ వాల్డ్రిగీ వ్రాసిన బీ2 అను పూర్వకృతి నాధారముగా గొని మాట్ ములెన్వెగ్, మైక్ లిటిల్ అనువారు 2003 మే నెలలో దీనిని వెలువరించిరి. దీనిని ఎవరైనను ఉచితముగా గైకొని మార్చుకొనవచ్చును. ఆ స్వేచ్ఛయందే చిక్కు కూడ నున్నది.

నిర్మాత చేతిలో ఎప్పుడును మూడు నాలుగు పనులు నడచుచుండును. కూలి యిచ్చు పని ముందు, సంఘము పని వెనుక, ఇది లోకసహజము. తొందరలో అతడు వ్యవస్థ మూల ఫైళ్ళలోనే నాలుగు పంక్తులు దిద్ది పోవును. కొన్ని నెలలకు భద్రతకొఱకు క్రొత్త కూర్పు వచ్చి పాత ఫైళ్ళ స్థానము నాక్రమించును. దిద్దుబాటు మాయమగును. అది పోవునను భయమున క్రొత్త కూర్పును ఆపినచో దొంగకు తలుపు తీసి పెట్టినట్లే. 2004లో ప్లగిన్ అను ఏర్పాటు వచ్చిన పిమ్మట ఈ అవస్థకు కారణము లేదు. మూలమును ముట్టక, వేఱొక ఫైలులో తన పని వ్రాసి, వ్యవస్థ చూపిన కొక్కెములకు దానిని తగిలింపవచ్చును. రూపమును మార్చుటకు చైల్డ్ థీమ్ కలదు.

లిపి సమస్యకును ఇదే మార్గము. వ్యాసము భాండారమున తెలుగు లిపిలోనే యుండును. పాఠకుడు తమిళ లిపిని కోరినచో, పుట వెలువడు క్షణమున ప్లగిన్‌లోని వడపోత అక్షరములను మార్చి చూపును. యూనికోడ్‌లో భారతీయ లిపులను ఒకే వరుసలో అమర్చుటచే పని సగము తేలిక. తెలుగు క సంఖ్య 3093, తమిళ క సంఖ్య 2965, భేదము 128. పెక్కు అచ్చులకును, హల్లులకును ఇదే భేదము.

కాని 3095వ సంఖ్య గల గ నుండి 128 తీసివేసినచో చేరు చోట తమిళమున ఏ అక్షరమును లేదు. ఖ, ఘ లకును అదే గతి. అన్నిటిని క గానే వ్రాయవలెను. అప్పుడు ‘గాలి’యు ‘కాలి’యు ఒకటగును. ‘బడి’ అని వ్రాసినది తమిళునికి ‘చదువు’ మను ఆజ్ఞవలె కనబడును. ఇది శుభసూచకమే యనుకొనవచ్చును గాని, విరాళ మిచ్చిన దాతల పట్టిక తాతల పట్టిక యగుట అందఱికిని రుచింపదు. తమిళ లిపిలో అచ్చయిన స్తోత్రగ్రంథములలో అక్షరము ప్రక్కన 2, 3, 4 అను చిన్న అంకెలుంచి వర్గాక్షరములను తెలుపు పద్ధతి చిరకాలముగా నున్నది. వడపోత ఆ అంకెలనే వాడవచ్చును.

ఇందుచేతనే భాండారమున ఏ లిపి యుండవలెనను ప్రశ్న ముఖ్యము. టైపు చేయువారికి సులువని వ్యాసములను తమిళ లిపిలో, అంకెలు లేక, దాచినచో నష్టము శాశ్వతము. ‘తాత’ యని యున్నచోట దాత గలడో లేడో యే యంత్రమును చెప్పజాలదు. సెర్బియను వికీపీడియాలో ఒకే వ్యాసమును సిరిలిక్ లిపిలోను లాటిన్ లిపిలోను చూపుచున్నారు. ఆ రెండింటి అక్షరములకు పొంతన చాలవఱకు కుదురుటచే ఎటునుండి ఎటైనను పోవచ్చును. తెలుగు తమిళముల నడుమ దారి ఒకవైపే.

వెదకుటలో మఱియొక చిక్కు గలదు. వడపోత చూపులో మాత్రమే పనిచేయును. తమిళాక్షరములతో వెదకువాడు తెలుగు భాండారమున నేమియు కనుగొనడు. కనుక ప్రతి వ్యాసమునకును అంకెలు లేని తమిళ రూపము నొకదానిని యంత్రముచేతనే కల్పించి ప్రక్కన నిలుపవలెను. అప్పుడు ‘తాత’ అని వెదకిన దాతయు దొరకును. వెదకుటలో ఈ కలగలుపు దోషము గాదు. ఇంటి పేర్ల సంగతి వేఱు. ఒక్కొక్క కుటుంబము తన పేరును తమిళమున తనకు తోచినట్లు వ్రాసికొనుచున్నది. దానిని సూత్రము నిర్ణయింపలేదు. ఆ జాబితాను పెద్దల నడిగి చేతితోనే కూర్పవలెను.