ములుకోల నీడ: పాళి సూత్రాలలో అశ్వశిక్షణ

గుర్రాన్ని లొంగదీయడం వేరు, బాధ్యత ఎరిగినదానిగా తీర్చిదిద్దడం వేరు. ఈ భేదాన్ని మజ్ఝిమ నికాయంలోని భద్దాలి సూత్రం (65) సూక్ష్మంగా గ్రహించింది. నేర్పరి అయిన శిక్షకుడు మేలుజాతి పిల్లగుర్రానికి మొదట కళ్ళెం, ఆపై కాడి అలవాటు చేస్తాడు. మునుపెన్నడూ ఎరుగని పని కనుక అది గింజుకుంటుంది, మెలికలు తిరుగుతుంది. అక్కడ దెబ్బ ప్రస్తావన లేదు. అదే పనిని మరల మరల, క్రమక్రమంగా చేయించగా ఆ పెనుగులాట తానై అణగిపోతుంది. ఆ అణగడానికి సూత్రం వాడిన క్రియ 'పరినిబ్బాయతి'. అర్హతుల ప్రసంగంలో వినవలసిన మాట గుర్రపుశాలలో వినిపించడం యాదృచ్ఛికమని భావించలేము. పది అంశాలుగా సాగే ఆ శిక్షణలో వేగం, చురుకుదనం ముందు వస్తాయి. కడపటిది 'సాఖల్యం', అనగా మార్దవం.

అంగుత్తర నికాయం ఏకాదశ నిపాతంలోని సంధ సూత్రం ఇంకొక అడుగు ముందుకు వేస్తుంది. నాదికలోని ఇటుకల వసతిలో జరిగిన బోధ ఇది. గాడివద్ద కట్టివేసిన మొండిగుర్రం మేతనే ధ్యానిస్తూ ఉంటుంది. ధ్యానానికి వాడే క్రియనే ఇక్కడా వాడటంలో చిన్న పరిహాసం ఉన్నది. మేలుజాతి గుర్రం మాత్రం, ఈనాడు శిక్షకుడు తనచేత ఏ పని చేయిస్తాడో, అందుకు తాను ఏమి చేయవలెనో ఆలోచిస్తుంది. ములుకోల తనమీద పడటాన్ని అప్పుగా, బంధనంగా, నష్టంగా ఎంచుతుంది. ఆ వేళ దానిని ఎవరూ అదలించడం లేదు. బాధ్యత పూర్తిగా గుర్రానిదే. చతుష్క నిపాతంలో ములుకోల నీడను చూచినంతనే కదలే గుర్రం ఈ కోవకు చెందినదే.

అయితే మృదుత్వమే సర్వస్వమని అనుకోరాదు. అశ్వశిక్షకుడు కేసి తాను మృదువుగా, పరుషంగా, రెండు విధాలుగానూ శిక్షిస్తానని, దేనికీ లొంగని గుర్రాన్ని చంపుతానని చెబుతాడు. బుద్ధుడు తానూ అంతేనంటాడు. ఆయన దృష్టిలో వధ అనగా ఆ వ్యక్తి ఇక ఉపదేశానికి తగడని తథాగతుడూ, సబ్రహ్మచారులూ తలచడం. చేయి వదలడం ఇక్కడ కారుణ్యం కాదు, కఠినతమ దండన.

ఆ దండనకు ప్రసిద్ధమైన ఉదాహరణ కూడా గుర్రపుశాల నుండే రావడం విశేషం. సాంచి మహాస్తూపం తూర్పు తోరణంపై, బుద్ధరూపాన్ని చెక్కని నాటి సంప్రదాయం మేరకు, కంఠకం రౌతు లేకుండా గొడుగు నీడన సాగుతుంది; తిరుగు ప్రయాణంలో గొడుగు ఉండదు. దాని వెంట ఉన్న చన్నుడే తరువాత గర్విష్ఠుడైన భిక్షువయ్యాడని అట్ఠకథా సంప్రదాయం. మహాపరినిబ్బాన సూత్రంలో అతనికి బ్రహ్మదండం విధింపబడింది: అతడు ఏమైనా అనవచ్చు, భిక్షువులు మాత్రం అతనితో పలుకరాదు, బోధించరాదు. కౌశాంబిలోని ఘోషితారామంలో ఆనందుడు ఈ వార్త చెప్పగా చన్నుడు మూర్ఛిల్లాడు. పిమ్మట ఒంటరిగా సాధన చేసి అర్హతుడై, దండం తొలగించమని ఆనందుని వేడుకొన్నాడు. అర్హత్త్వం పొందిన క్షణానే అది తొలగిపోయినదని ఆనందుడు బదులిచ్చాడు.